కండలు కొన్నాళ్లే.. పేరే అసలు ఆస్తి

రెజ్లర్లు కోట్లు ఎలా సంపాదిస్తారు? అంత సంపాదించినవాళ్లలోనూ కొందరు ఖాళీ చేతులతో ఎందుకు మిగులుతారు? మొదటి ఆఫర్ లెటర్ కోసం ఎదురుచూస్తున్న మీకు ఆ లెక్కల్లో పనికొచ్చే సంగతులు చాలానే ఉన్నాయి.

2024 జనవరిలో అమెరికాలో ఓ ఒప్పందం కుదిరింది. డబ్ల్యూడబ్ల్యూఈ మాతృసంస్థ టీకేఓ తన డైరెక్టర్ల బోర్డులోకి డ్వేన్ జాన్సన్‌ను తీసుకుంది. ఆ ఒప్పందంలో అతడికి దక్కిన షేర్ల విలువ సుమారు 3 కోట్ల డాలర్లు. అంటే అప్పటి లెక్కలో దాదాపు 250 కోట్ల రూపాయలు. దాంతోపాటు ఇంకోటి కూడా చేతికొచ్చింది. అది ‘ది రాక్’ అనే పేరు!

అతడి పేరు అతడికే ఇవ్వడమేంటి అనుకుంటున్నారా? అక్కడే ఉంది మతలబు. పాతికేళ్లకు పైగా ప్రపంచమంతా జాన్సన్‌ను ఆ పేరుతోనే పిలిచింది. కాగితాల మీద మాత్రం ఆ ట్రేడ్‌మార్క్ కంపెనీది. హాలీవుడ్‌లో అగ్రతార అయ్యాక, కంపెనీ బోర్డులో కూర్చునే స్థాయికి వచ్చాకగానీ అది పూర్తిగా అతడి సొంతం కాలేదు.

మన ఇళ్లల్లో అన్నయ్యలు, బాబాయిలు ఒకప్పుడు ట్రంప్ కార్డుల్లో ఈ రెజ్లర్ల ఎత్తు, బరువు బట్టీపట్టినవాళ్లే. 2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి జాన్ సీనా వస్తే కుర్రకారు ఎగబడింది కూడా. కానీ ఆ కార్డుల మీద లేని అంకె ఒకటుంది. ఎవరికి ఎంత వస్తుంది, అందులో ఎంత మిగులుతుంది అన్నదే ఆ అంకె.

ఆట కాదు.. షో బిజినెస్

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. 1989లో న్యూజెర్సీ సెనేట్ ముందు ఆ కంపెనీయే ఇది పోటీ కాదు, వినోదం అని ఒప్పుకొంది. క్రీడలకు వర్తించే నియంత్రణలు, పన్నుల నుంచి బయటపడటానికి అలా చెప్పింది. ఫలితం ముందే రాసుకున్నా దెబ్బలు మాత్రం నిజం. మెడలు, మోకాళ్లు, వెన్నుపూసలు నిజంగానే దెబ్బతింటాయి.

కాబట్టి వీళ్ల సంపాదన క్రికెటర్ల కంటే సినిమావాళ్ల సంపాదనకు దగ్గరగా ఉంటుంది. అందులో మూడు మెట్లున్నాయి. మొదటిది ఒంటికొచ్చే కూలి, అంటే మ్యాచ్ ఆడితే వచ్చే డబ్బు. రెండోది పేరుకొచ్చే రాబడి, అంటే టీషర్టులు, బొమ్మలు, వీడియోల మీద రాయల్టీ. మూడోది వాటాకొచ్చే లాభం, అంటే సొంత కంపెనీ, షేర్లు. మొదటి మెట్టు మీదే ఆగినవాళ్లు ఎంత పెద్ద స్టార్లయినా ఒళ్లు మొరాయించిన రోజున ఇబ్బంది పడ్డారు. పైకెక్కినవాళ్లే ఆస్తిపరులయ్యారు.

జీతం కాదు.. గ్యారంటీ

డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్లు టీవీలో ఎంత కనిపించినా కంపెనీ ఉద్యోగులు కారు. ఒప్పందంలో వాళ్లు ‘ఇండిపెండెంట్ కాంట్రాక్టర్లు’. వాళ్ల కాంట్రాక్టుల్లో ‘డౌన్‌సైడ్ గ్యారంటీ’ అనే మాట వినిపిస్తుంటుంది. ఏడాదికి కనీసం ఇంత ఇస్తాం అని కంపెనీ ఇచ్చే హామీ అది. షోల వాటా, రాయల్టీలు కలిపి అంతకు మించితే ఎక్కువ వస్తుంది. మించకపోతే ఆ కనీస మొత్తమే.

ఒక అంచనా లెక్క వేద్దాం. గ్యారంటీ ఏడాదికి లక్ష డాలర్లు అనుకోండి. వినడానికి బాగానే ఉంది. విమాన టికెట్లు కంపెనీ చూసుకుంటుంది. అద్దె కారు, హోటల్ గది, భోజనం ఖర్చులు చాలాకాలంపాటు రెజ్లర్లవే. ఒకప్పుడు ఏడాదికి 200 రోజులు రోడ్డు మీద ఉండటం మామూలే. రోజుకు 150 డాలర్లు వేసుకున్నా 30 వేలు అక్కడే పోయాయి. ఉద్యోగి అయితే సామాజిక భద్రత, మెడికేర్ పన్నులో సగం కంపెనీ కడుతుంది. కాంట్రాక్టర్ కాబట్టి మొత్తం 15.3 శాతం తనే కట్టాలి. మిగిలిన 70 వేల మీద అది సుమారు 10 వేలు. రింగ్‌లో తగిలిన దెబ్బకు చికిత్స కంపెనీ చేయిస్తుంది కానీ, మామూలు ఆరోగ్య బీమా సొంతంగా కొనుక్కోవాలి. దుస్తులు, జిమ్, ఆపైన ఆదాయపు పన్ను. లక్షలో సగం మిగిలితే గొప్పే! అందుకే ముగ్గురు నలుగురు కలిసి ఒకే కారులో వెళ్లడం, ఒకే గదిలో సర్దుకోవడం ఈ రంగంలో పాత అలవాటు.

ఇంకో సంగతి. 2025 జనవరి నుంచి ‘రా’ కార్యక్రమం నెట్‌ఫ్లిక్స్‌లో వస్తోంది. పదేళ్ల ఒప్పందం విలువ 500 కోట్ల డాలర్లకు పైనే. ఇందులో రెజ్లర్లకు ఇంత శాతం అని లెక్క లేదు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆటగాళ్లకు సంఘం ఉంది. లీగ్ ఆదాయంలో దాదాపు సగం వాళ్లకు రావాలని ఒప్పందం ఉంది. రెజ్లర్లకు సంఘం లేదు. ఎవరి బేరం వాళ్లదే.

టీషర్టే రెండో జీతం

1996లో ‘కింగ్ ఆఫ్ ద రింగ్’ గెలిచిన రాత్రి స్టీవ్ ఆస్టిన్ మైకులో ‘ఆస్టిన్ 3:16’ అన్నాడు. నల్ల టీషర్టు మీద తెల్ల అక్షరాలతో అదే మాట అచ్చయింది. రెజ్లింగ్ చరిత్రలోనే అత్యధికంగా అమ్ముడైన దుస్తుల్లో అదొకటి. జాన్ సీనా కొన్నాళ్లకోసారి కొత్త రంగు టీషర్టు, దానికి జోడీగా టోపీ, చేతిపట్టీతో ఎందుకు వచ్చేవాడో ఇప్పుడు అర్థమై ఉంటుంది. రంగు మారిన ప్రతిసారీ అభిమాని మళ్లీ కొంటాడు. ప్రతి అమ్మకంలో రెజ్లర్‌కు చిన్న వాటా వస్తుంది. మ్యాచ్ లేని రోజు కూడా టీషర్టు అమ్ముడవుతుంది. గాయమై ఇంట్లో ఉన్నా అమ్ముడవుతుంది.

పెద్ద కంపెనీలో చోటు దొరకని కుర్రాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. చిన్న ఊళ్లలో, కమ్యూనిటీ హాళ్లలో జరిగే షోలకు ఇచ్చే డబ్బు పెట్రోలుకే సరిపోతుంది. అందుకే విరామంలో ఓ బల్ల వేసుకుని కూర్చుంటారు. దాన్ని ‘గిమ్మిక్ టేబుల్’ అంటారు. టీషర్టులు, సంతకం చేసిన ఫొటోలు అక్కడే అమ్ముతారు. మ్యాచ్‌కు వచ్చినదాని కంటే బల్ల దగ్గర వచ్చిందే ఎక్కువ అయ్యే రాత్రులు చాలానే ఉంటాయి.

దీన్ని ఎంత దూరం తీసుకెళ్లొచ్చో ‘యంగ్ బక్స్’ అన్నదమ్ములు చూపించారు. డబ్ల్యూడబ్ల్యూఈ కాంట్రాక్టు లేకుండానే వాళ్ల టీషర్టులు అమెరికాలో కుర్రకారు ఎక్కువగా వెళ్లే ‘హాట్ టాపిక్’ దుకాణాల్లోకి చేరాయి. 2018లో కోడీ రోడ్స్‌తో కలిసి చికాగో శివార్లలో ‘ఆల్ ఇన్’ పేరుతో సొంత షో పెట్టారు. పది వేల సీట్ల హాలుకు టికెట్లు అరగంటలోపే అయిపోయాయి. మరుసటి ఏడాది వ్యాపారవేత్త టోనీ ఖాన్ పెట్టుబడితో ‘ఏఈడబ్ల్యూ’ అనే కొత్త కంపెనీ పుట్టింది. ఆ ముగ్గురూ అందులో ఎగ్జిక్యూటివ్ వైస్ ప్రెసిడెంట్లయ్యారు.

పేరు పోతే మళ్లీ మొదటికి

కోడీ కథలో మలుపు పేరు దగ్గరే ఉంది. అతడి తండ్రి డస్టీ రోడ్స్ పేరుమోసిన రెజ్లర్. 2016లో కోడీ డబ్ల్యూడబ్ల్యూఈని వదిలేశాడు. కానీ ‘కోడీ రోడ్స్’ ట్రేడ్‌మార్క్ కంపెనీ దగ్గర ఉండిపోయింది. దాంతో కొన్నేళ్లపాటు ఉత్త ‘కోడీ’గానే రింగ్‌లోకి దిగాడు. తండ్రి వాడిన పేరు కొడుకుకు దక్కలేదన్నమాట! 2020 చివర్లో ఆ హక్కు తెచ్చుకున్నాడు. 2022లో తిరిగి డబ్ల్యూడబ్ల్యూఈలో అడుగుపెట్టినప్పుడు బయట సంపాదించిన విలువ అంతా ఆ పేరు వెంటే వచ్చింది. 2024లో రోమన్ రెయిన్స్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాడు.

‘డడ్లీ బాయ్స్’ జంటదీ ఇలాంటి అనుభవమే. 2005లో బయటికొచ్చాక ఆ పేరు వాడుకునే వీల్లేక ‘టీమ్ 3డీ’ అని కొత్తగా మొదలుపెట్టారు. బ్రయాన్ డేనియల్సన్ అయితే కంపెనీలో ‘డేనియల్ బ్రయాన్’గా ఆడాడు. బయటికి రాగానే తన సొంత పేరు సొంతంగా ఉంది కాబట్టి పెద్దగా ఇబ్బంది పడలేదు. పేరు ముందూ వెనకా చేసినంత తేడానే కనిపిస్తుంది. ఆస్తి లెక్కలో మాత్రం అది రెండు వేర్వేరు ఖాతాలు.

అడక్కపోతే రాయల్టీ లేదు

జెస్సీ వెంచురా పేరు విన్నారా? రక్తం గడ్డలు కట్టి రింగ్‌కు దూరమయ్యాక కామెంటేటర్‌గా మారాడు. అతడి గొంతుతో వచ్చిన మ్యాచ్‌ల వీడియో టేపులు కంపెనీ బాగా అమ్ముకుంది. మొదట్లో అతడిది నోటిమాట ఒప్పందం. రాయల్టీ ఊసే లేదు. తర్వాత ఏజెంట్‌ను పెట్టుకుని అడిగించాడు. టేపులో ప్రధానంగా కనిపించేవాళ్లకే రాయల్టీ ఇవ్వడం తమ విధానమని కంపెనీ చెప్పింది. అది నిజం కాదని తర్వాత తెలిసింది. కోర్టుకెళ్లాడు. 1994లో జ్యూరీ అతడికి 8 లక్షల డాలర్లకు పైగా ఇవ్వాలంది. 1995లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. 1998లో ఇదే వెంచురా మిన్నెసోటా గవర్నర్‌గా గెలిచాడు.

అతడికి వచ్చింది అదృష్టం కాదు. చేసిన పనికి విలువ ఎంతో అడగడం వల్ల వచ్చింది. అయితే ఆ అడగడం పని మొదలుపెట్టే ముందే జరిగి ఉంటే ఇన్నేళ్ల గొడవ ఉండేది కాదు.

ఒళ్లు మొరాయించే రోజు

ఈ వృత్తిలో రిటైర్మెంట్ వయసు ఒళ్లే చెబుతుంది. మెడ గాయం, మోకాళ్లు సహకరించక ఆస్టిన్ 2003లో 38 ఏళ్లకే పూర్తిస్థాయి ఆట ఆపేశాడు. కంపెనీ కూడా ఆపేయొచ్చు. కరోనా సమయంలో 2020 ఏప్రిల్ 15న డబ్ల్యూడబ్ల్యూఈ ఒక్కరోజే పదుల మందిని పంపించేసింది. కాంట్రాక్టు ప్రకారం చాలామందికి 90 రోజులు డబ్బు వస్తుంది. ఆ 90 రోజులూ మరో పోటీ కంపెనీలో ఆడకూడదు.

ప్రపంచ ఛాంపియన్‌గా చేసిన బటిస్టా కథ చూడండి. నటుడు కావాలని 2010లో రెజ్లింగ్ వదిలేశాడు. సరైన వేషాలు రాలేదు. చేతిలో ఉన్నదంతా పోయిందని అతడే చాలాసార్లు చెప్పాడు. 2014లో ‘గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ’ విడుదలయ్యాకే కుదుటపడ్డాడు. ఛాంపియన్ బెల్టు ఉన్నంత మాత్రాన బ్యాంకులో నిల్వ ఉన్నట్టు కాదు.

మిక్ ఫోలీది ఇంకో దారి. న్యూయార్క్ రాష్ట్రంలోని కోర్ట్‌లాండ్‌లో కాలేజీ చదువుతూనే వారాంతాల్లో వందల మైళ్లు కారు నడుపుకొంటూ పెన్సిల్వేనియాలో శిక్షణకు వెళ్లేవాడు. గదికి డబ్బుల్లేక కారులోనే పడుకునేవాడు. తర్వాత ఎముకలు విరగ్గొట్టుకుని స్టార్ అయ్యాడు. ఆత్మకథ రాయడానికి వేరే రచయితను పెడితే నచ్చక, తనే చేత్తో రాసుకున్నాడు. 1999లో వచ్చిన ఆ పుస్తకం న్యూయార్క్ టైమ్స్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. ఒంటికి ప్రత్యామ్నాయంగా రాత దొరికింది.

డైమండ్ డల్లాస్ పేజ్ 35 ఏళ్ల వయసులో, అంటే చాలామంది తప్పుకొనే వయసులో రెజ్లర్‌గా మొదలుపెట్టాడు. 1998లో వెన్ను దెబ్బతింది. కోలుకోవడానికి మొదలుపెట్టిన యోగానే తర్వాత వ్యాపారంగా మార్చుకున్నాడు. 2014లో ‘షార్క్ ట్యాంక్’ కార్యక్రమంలో ఎవరూ పెట్టుబడి పెట్టలేదు. అయినా ఆ కార్యక్రమం చూసినవాళ్లు కొనడం మొదలుపెట్టారు. పెట్టుబడిదారులు లేరు కాబట్టి వాటా ఎవరికీ ఇవ్వాల్సిన పనీ లేకపోయింది.

మూడో మెట్టు: వాటా

మళ్లీ రాక్ దగ్గరికి వద్దాం. 1995లో కెనడా ఫుట్‌బాల్ జట్టు అతడిని తీసేసినప్పుడు జేబులో ఉన్నది 7 డాలర్లు. అప్పటి లెక్కలో 250 రూపాయల లోపే. 1996లో రెజ్లింగ్‌లోకి వచ్చాడు. 2002లో ‘ద స్కార్పియన్ కింగ్’ సినిమాకు 55 లక్షల డాలర్ల పారితోషికం అందుకున్నాడు. అక్కడితో ఆగినా అది కూలే. పెద్ద కూలి, అంతే. 2012లో డేనీ గార్సియాతో కలిసి సొంత నిర్మాణ సంస్థ పెట్టాడు. దానికి ‘సెవెన్ బక్స్’ అని పేరు పెట్టుకున్నాడు. 2020లో టెకీలా బ్రాండ్ తెచ్చాడు. అప్పటి నుంచి అతడి ప్రచారం అతడి వాటా విలువనే పెంచుతోంది.

అన్నీ పండలేదు. అదే ఏడాది భాగస్వాములతో కలిసి ఎక్స్‌ఎఫ్‌ఎల్ ఫుట్‌బాల్ లీగ్‌ను సుమారు 1.5 కోట్ల డాలర్లకు కొన్నాడు. 2023లో ఒక సీజన్ నడిపాక మరో లీగ్‌తో కలిపేయాల్సి వచ్చింది. వాటాల్లో నష్టం కూడా ఉంటుంది. మిగతా ఆదాయాలు నిలబడి ఉన్నాయి కాబట్టే దాన్ని తట్టుకోగలిగాడు.

మన దేశంలోనూ ఉదాహరణ ఉంది. హిమాచల్‌కు చెందిన దలీప్ సింగ్ రాణా పంజాబ్ పోలీసు శాఖలో పనిచేశాడు. ‘గ్రేట్ ఖలీ’గా 2007లో వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 2015లో జలంధర్‌లో శిక్షణ అకాడమీ తెరిచాడు. డబ్ల్యూడబ్ల్యూఈలో ఆడిన తొలి భారత మహిళ కవితా దేవి అక్కడ శిక్షణ పొందింది. ఇప్పుడు అతడు రింగ్‌లోకి దిగకపోయినా అకాడమీ నడుస్తుంది.

మీ ఆఫర్ లెటర్‌కీ ఇదే లెక్క

మీరు రెజ్లర్లు కాబోరు. కానీ హైదరాబాద్, విశాఖ, బెంగళూరుల్లో మీ చేతికొచ్చే కాగితంలోనూ ఇవే ప్రశ్నలు దాక్కుని ఉంటాయి. సంతకానికి ముందు ఇవి చూసుకోండి.

• ఉద్యోగా, కన్సల్టెన్సీయా: లెటర్‌లో ‘కన్సల్టెంట్’, ‘ప్రొఫెషనల్ ఫీజు’ అని ఉంటే మీరూ ఇండిపెండెంట్ కాంట్రాక్టరే. ఉద్యోగి బేసిక్ 15,000 అయితే పీఎఫ్‌కు కంపెనీ 12 శాతం వాటా నెలకు 1,800, ఏడాదికి 21,600 రూపాయలు. కన్సల్టెంట్‌కు ఇది ఉండదు. పైగా ఫీజులో సాధారణంగా 10 శాతం టీడీఎస్ కోస్తారు. మీ ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. చాలామంది ఫ్రెషర్లు రిటర్నే వేయక దాన్ని వదిలేసుకుంటున్నారు.

• గ్యారంటీ ఎంత: సీటీసీ 6 లక్షలు అన్నారని సంబరపడొద్దు. అందులో వేరియబుల్, జాయినింగ్ బోనస్, బీమా ప్రీమియం, గ్రాట్యుటీ పోగా నెలనెలా కచ్చితంగా ఖాతాలో పడేది ఎంత? మీ డౌన్‌సైడ్ గ్యారంటీ అదే. గది అద్దె, ప్రయాణం, భోజనం తీసేసి చూడండి.

• చేసిన పని ఎవరిది: కాపీరైట్ చట్టం 1957 ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే హక్కుదారు. ఫ్రీలాన్సర్‌గా చేస్తే చాలా సందర్భాల్లో హక్కు మీదే, రాసిచ్చేదాకా. అందుకే ‘అసైన్‌మెంట్’ అన్న క్లాజు ఎక్కడుందో వెతకండి. మీ పాత ప్రాజెక్టులు, యూట్యూబ్ ఛానల్ దాని కిందికి రాకుండా రాయమనండి.

• బయటికొచ్చాక: ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతులు ఇండియన్ కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 కింద సాధారణంగా చెల్లవు. అలాగని అన్ని బాండ్లూ చెల్లవనుకోవద్దు. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు మూడేళ్లు పనిచేయాలి, లేదంటే 2 లక్షలు కట్టాలన్న బాండును సమర్థించింది. నోటీసు గడువు, బాండు మొత్తం అంకెల్లో చూసుకోండి.

• మీ పేరు: కంటెంట్, డిజైన్, ట్రైనింగ్ రంగాల్లోకి వెళ్లేవాళ్లు తమ బ్రాండ్ పేరును తమ పేరు మీదే రిజిస్టర్ చేయించుకోవచ్చు. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి ట్రేడ్‌మార్క్ దరఖాస్తు రుసుము 4,500 రూపాయలు. ఒకసారి వస్తే పదేళ్లు ఉంటుంది, తర్వాత పొడిగించుకోవచ్చు.

ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్ నోటితో చెప్పినవన్నీ రాత్రికి ఓ మెయిల్‌లో రాసి, ‘నాకు అర్థమైంది ఇదీ, సరేనా’ అని పంపండి. దీనికెవరూ ఆఫర్ వెనక్కి తీసుకోరు. నోటిమాట నమ్మిన వెంచురాకు తన డబ్బు తెచ్చుకోవడానికి కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. మీకు ఆ పని ఒక్క మెయిల్‌తో అయిపోతుంది.